చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం: సరే, రద్దు, ఒక స్కాన్

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి ముందు ఏడ్చింది, తర్వాత విషయం చెప్పింది. ఉద్యోగం మానేశావట. తెనాలిలో డాక్టర్ల దగ్గర టోకెన్లు ఇంట్లో కూర్చునే తీసుకునేలా వెబ్‌సైట్ కడుతున్నావట. "చెయ్యనీవే, దానికి చేతనవును" అని దాన్ని ఊరుకోబెట్టాను. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. గర్వంగా ఉంది, కాదనను. కానీ ఇన్ని పనులుండగా నువ్వు పట్టుకున్నది సరిగ్గా నేను చెయ్యి కాల్చుకున్న పనే. అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఇది మొదలుపెట్టాను.

తెలిసిన సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ముందు చిన్న ఫోన్‌కి డిజైన్ చెయ్యి, కంప్యూటర్ సంగతి తర్వాత. రంగులు మూడు చాలు. రోజూ బ్యాకప్ తీసుకో. ఇవి నీకు నాకంటే బాగా తెలుసు.

తెలియనిది ఇది. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే వెళ్లి రెండు రోజులు ఒక కాంపౌండర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చో. ఆయన నోట్‌బుక్ చూడు. ఐదో నంబరు తర్వాత ఒక గీత ఖాళీగా వదులుతాడు. ఎందుకో అడుగు. అర్జంటుగా వచ్చే జ్వరం పిల్లల కోసం. కొందరి పేర్లు రాయడు, "పాల కేంద్రం ముసలమ్మ" అని రాసుకుంటాడు. ఒకే ఫోన్ నంబరు మీద నలుగురు మనుషులుంటారు, ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్. నువ్వేమో ఫోన్ నంబరే మనిషి గుర్తు అనుకుని మొత్తం కట్టేస్తావు, అత్తాకోడళ్లిద్దరూ ఒకే రోజు వచ్చారంటే రెండో టోకెన్ ఇవ్వనంటుంది నీ సైట్. ఆ నోట్‌బుక్కే నీ మొదటి డిజైన్. ఇరవై ఏళ్లుగా వాడుతున్నారు, ఎవరూ మాన్యువల్ చదవలేదు.

నేను ఈ పాఠం నేర్చుకున్నది ఆఫీసులో కాదు. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కౌంటర్లు పెట్టిన కొత్తల్లో కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లి, నా వంతు అయిపోయినా పక్కన నిలబడి చూసేదాన్ని. కౌంటర్లో అమ్మాయి మౌస్ ముట్టుకునేదే కాదు. ఎడమ చేత్తో బిల్లు కాగితం తిప్పుతూ, కుడి చేత్తో ట్యాబ్, అంకెలు, ఎంటర్. కళ్లు కాగితం మీదే. ఆ వారమే నేను మా ఆఫీసులో ఎంతో ముచ్చటపడి చేసిన ఫారం చూసుకుంటే, మూడు చోట్ల మౌస్ పట్టుకోక తప్పదు. సిగ్గేసింది. మీ పెదనాన్న మాత్రం, బిల్లు కట్టడానికి పంపిస్తే గంటన్నర ఏం చేస్తున్నావని కోప్పడ్డారు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2014లో ఒక పెద్ద ఆసుపత్రికి స్కాన్ అపాయింట్‌మెంట్ల సైట్ చేశాం. డిజైన్ నాది. ఇంగ్లిష్‌లో ముందు వచ్చింది, బాగానే నడిచింది. అందులో అపాయింట్‌మెంట్ రద్దు చేసేటప్పుడు అడిగే పెట్టె బ్రౌజర్ సొంతంగా ఇచ్చేదే. వెబ్‌సైట్ కోడ్ రాసే జావాస్క్రిప్ట్ భాషలో కన్ఫర్మ్ అని ఒక్క మాట రాస్తే వచ్చేస్తుంది, కింద ఓకే, క్యాన్సెల్ అని రెండు బటన్లు. వాటి మీది మాటలు మనం మార్చలేం. తెలుగు సైట్ చేసేటప్పుడు ఆ పెట్టె నేనే కొత్తగా గీశాను. మాటలు నా ఇష్టం అన్నమాట. అయినా నేనేం చేశాను? మాటకి మాట దించేశాను. పైన "మీ అపాయింట్‌మెంట్ రద్దు చేయాలా?" కింద "సరే", "రద్దు".

ఇంకోసారి చదువు. నీకు అపాయింట్‌మెంట్ కావాలి, పోకూడదు. ఏది నొక్కుతావు?

ఒకరోజు ఏదో మీటింగుకి ఆ ఆసుపత్రికే వెళ్లాను. స్కాన్ కౌంటర్ దగ్గర కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒకాయన, పక్కన బెంచీ మీద ఆయన భార్య, కడుపు పట్టుకుని. రాత్రి బస్సెక్కి వచ్చారు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, స్కాన్‌కి ఖాళీ కడుపుతో రమ్మన్నారు కదా. కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ చూసి "మీకు అపాయింట్‌మెంట్ లేదు, మీరే రద్దు చేసుకున్నారు" అంది. ఆయన అరవలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించాడు, దాని మీద తేదీ, టైము, కొడుకు చేతిరాత. "మేమెందుకు రద్దు చేసుకుంటామమ్మా" అన్నాడు.

నేను కలగజేసుకున్నాను. సైట్ చేసింది నేనేగా, పెద్ద మొనగత్తెని. ఫోన్ చేసి లాగ్, అంటే ఎప్పుడేం నొక్కారో సైట్ రాసుకునే చిట్టా, తీయించాను. ముందురోజు రాత్రి 9 దాటాక, వాళ్ల ఫోన్ నుంచే రద్దు అయింది. "చూడండి, మీరే నొక్కారు" అన్నాను. అవును చిన్నీ, ఆ మాట నేనే అన్నాను, ఆ మనిషి ముఖం మీదే.

అప్పుడు ఆయన చెప్పాడు. టైము ఒకసారి చూసుకుందామని అబ్బాయి తెరిచాడట. "వివరాలు" అన్న మాట పక్కనే "రద్దు" ఉంది, వేలు దాని మీద పడింది. పెట్టె వచ్చింది. "రద్దు నొక్కితే రద్దయిపోతదేమో అని భయపడి సరే నొక్కినం." ఆగి, "రద్దు వద్దనుకుంటే ఏది నొక్కాలమ్మా?" అని అడిగాడు. ఎదురు ప్రశ్న కాదు, నిజంగానే తెలుసుకుందామని. నేను నోరు తెరిచాను. ఆ పెట్టె గీసినదాన్ని, నాకే ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

ఆరోజు స్కాన్ కాలేదు. వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఎంత బతిమాలినా తొమ్మిది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పిస్తే ఆవిడ ఒకటి తిని వదిలేసింది. తర్వాత వాళ్ల సంగతి నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం కూడా చెయ్యలేదు, అదీ చెప్పాలి.

తర్వాతి మీటింగులో మా మేనేజర్ "యూజర్ ఎర్రర్" అని రాసి ఫైలు మూసేశాడు. నేను కూడా తలూపాను. బటన్లు మార్చింది మాత్రం ఆ రాత్రే: "అవును, వదులుకుంటాను", "వద్దు, అలాగే ఉంచండి". పైన ప్రశ్న చదవకపోయినా అర్థమైపోవాలి. నువ్వు ఇంకో అడుగు ముందుకెయ్యి. రద్దు చేశాక ఒక పది నిమిషాలు ఆ టోకెన్ ఎవరికీ ఇవ్వకు, "పొరపాటున నొక్కాను, తిరిగి కావాలి" అని పెద్ద బటన్ పెట్టు. పొరపాటున వేలు తగిలే మనుషులకు, మళ్లీ మళ్లీ ప్రశ్న అడగడం కన్నా వెనక్కి తీసుకునే దారి ఉంటే మేలు. రద్దుని "వివరాలు" పక్కన పెట్టావో, నీ చెవి మెలిపెడతాను. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు, అంటే చూపు, చేయి సరిగా లేనివాళ్లు కూడా సైట్ వాడగలిగేలా పెట్టిన నియమాలు, వాటిలో 2023లో వచ్చిన 2.2 వెర్షన్ నొక్కే చోటు కనీసం 24 పిక్సెల్స్ ఉండాలంటుంది. అది కనీసం. పొలం పని చేసిన బొటనవేలుకి 44 అయినా ఇవ్వు.

తెలుగు గురించి రెండు మాటలు. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిన ఎత్తులోనే తెలుగు పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి. "రద్దు" కాస్తా "రదు" అవుతుంది, "పద్మ" "పద" అవుతుంది, పిలిస్తే ఎవరూ లేచి రారు. పైన గుడికి, కింద ఒత్తుకి రెండింటికీ చోటుండాలి, వరస ఎత్తు పెంచు. "సబ్మిట్" పట్టిన బటన్‌లో "సమర్పించండి" పట్టదు. అసలు ఆ మాటెందుకు, పూజా ఏమన్నానా? "టోకెన్ తీసుకోండి" అని రాయి. పేరుకి మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు పెట్టకు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, చాలామంది ఒక్క అక్షరమే రాస్తారు, నీ ఫారం "చాలా చిన్నగా ఉంది" అని ఎర్రగా అరుస్తుంది. ఒకటే గడి, పొడుగ్గా. పుట్టినతేదీ అడగకు, వయసు అడుగు. అరవై దాటిన వాళ్లలో ఎంతోమందికి ఆధార్‌లో ఉన్నది జనవరి 1. ఆ సంవత్సరం కోసం 1950 దాకా వేలితో కిందికి తోసుకుంటూ పోవాలంటే, అక్కడే మానేసి కాంపౌండర్‌కే ఫోన్ చేస్తారు.

మా కాలంలో జేకబ్ నీల్సన్ అని, వెబ్‌సైట్లు వాడటానికి సులువుగా ఎలా ఉండాలో చెప్పే నిపుణుడు ఒకాయన రాసింది అందరం బట్టీ పట్టాం: సెకనులో పదో వంతులో స్పందిస్తే వెంటనే అయినట్టుంటుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనిషి దృష్టి ఇంకోవైపు పోతుంది. మన ఊళ్లో వానొచ్చినప్పుడు నెట్ ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఏమీ కదలకపోతే మళ్లీ నొక్కుతారు. అంచేత నొక్కగానే బటన్ మీద "తీసుకుంటున్నాం, ఆగండి" అని రావాలి. రెండుసార్లు నొక్కినా టోకెన్ ఒకటే రావాలి, అది సర్వర్ దగ్గర చూసుకో. నెట్ పోతే అప్పటిదాకా టైపు చేసింది పోకూడదు. అది పోయిందంటే నేను నీతో మాట్లాడను.

డబ్బు విషయం అడగను, అడిగితే మీ అమ్మ నా మీద పడుతుంది. ఎనిమిది నెలలకి సరిపడా దాచుకున్నానన్నావట. ఆరు అనుకో. మధ్యాహ్నం అన్నం మానెయ్యకు, నీకు ఆ అలవాటుంది. చిన్నప్పుడు నా కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు గీస్తూ రాత్రి అన్నం మర్చిపోయేదానివి. పెయింట్‌లో గీసిన ఇల్లొకటి ఇంకా నా దగ్గర ఉంది, తలుపు కప్పు మీద పెట్టావు. ఎవరు ఎలా లోపలికి వెళ్తారే అంటే, "ఎగిరి" అన్నావు.

సగం అయినా సరే, వచ్చే ఆదివారం పట్టుకుని రా. నేనూ, మా పక్కింటి సుబ్బమ్మగారూ వాడి చూస్తాం. ఆవిడకి చదవడం వచ్చు, ఫోన్ కొత్త. నువ్వు పక్కన కూర్చో, కానీ నోరు మెదపకూడదు. "అక్కడ కాదండీ, ఇక్కడ" అన్నావంటే ఆ చోటు రాసుకుని ఇంటికెళ్లి మార్చుకో.

ఉంటాను.
పెద్దమ్మ

తా.క.: నువ్వు పంపిన బొమ్మ వాట్సాప్‌లో చూశాను. తెల్లటి దాని మీద లేత బూడిద రంగు అక్షరాలు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఇంకోదానికి వచ్చే నెల. ఆపరేషన్ అయిన కంటితో చూసినా డాక్టర్ పేరు కనపడలేదు.