డిలీట్ అయిపోయిన ఫైల్స్, దూరంగా ఉన్న కంప్యూటర్: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: సార్, మా నాన్నగారు డి డ్రైవ్‌లో ఉన్న ఫ్యామిలీ ఫొటోల ఫోల్డర్‌ని పొరపాటున షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టేశారు, రీసైకిల్ బిన్‌లో కూడా లేవు. నేను వేరే ఊళ్లో ఉంటాను. ఆయన చేత ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయించి ఇక్కడ్నుంచే రికవర్ చేద్దామనుకుంటున్నా, కుదురుతుందా?

జవాబు: కుదిరే అవకాశం ఉంది, కానీ ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ కంప్యూటర్‌లో ఏమీ కాపీ చెయ్యొద్దని, ఏమీ డౌన్‌లోడ్ చెయ్యొద్దని చెప్పండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

ఎందుకంటే డిలీట్ కొట్టినప్పుడు విండోస్ ఫొటోని చెరిపెయ్యదు. ఆ ఫైల్ రికార్డు మీద ఇది ఇప్పుడు వాడుకలో లేదు అని గుర్తు పెట్టుకుని, అది ఉన్న చోటుని ఖాళీ కింద లెక్కేసుకుంటుంది అంతే. ఫొటో అక్కడే ఉంటుంది, ఇంకో ఫైల్ వచ్చి దాని మీద పడేదాకా. ఆ వచ్చే ఫైల్ ఏదైనా కావచ్చు, మీరు ఇన్‌స్టాల్ చేయించబోయే రిమోట్ సాఫ్ట్‌వేరే కావచ్చు, రికవరీ సాఫ్ట్‌వేరే కావచ్చు. పోయిన ఫొటోల్ని వెతకడానికి తెచ్చిన ప్రోగ్రామే వాటి మీద కూర్చోవడం చాలా మంది విషయంలో జరిగేదే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మీ కేసులో ఫొటోలు డి లో ఉన్నాయి కాబట్టి కొంత నయం. సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ కాష్, విండోస్ అప్‌డేట్లు ఇవన్నీ మామూలుగా సి లోకే వెళ్తాయి, డి ని ముట్టుకోవు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని ఎవరైనా డి కి మార్చారేమో మాత్రం అడగండి. అదే ఫొటోలు సి లో, అంటే డెస్క్‌టాప్ మీదో పిక్చర్స్ ఫోల్డర్‌లోనో ఉండి ఉంటే రిమోట్ ఆలోచన పూర్తిగా మానేసి కంప్యూటర్ ఆపేయించమనేవాణ్ణి, ఎందుకంటే విండోస్ ఊరికే ఆన్‌లో ఉన్నా సి లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అప్పుడు ఆ డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి చూడటమే మంచి దారి.

కనెక్ట్ అవ్వడానికి కొత్తగా ఏమీ తెప్పించకుండా విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్ వాడండి. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మీ వైపు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఒక కోడ్ వస్తుంది, దాన్ని నాన్నగారికి ఫోన్‌లో చదివి చెప్పండి, ఆయనకి అకౌంట్ అక్కర్లేదు. ఆ కోడ్ కాసేపే పనిచేస్తుంది కాబట్టి ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాకే తీసుకోండి. మధ్యలో పర్మిషన్ అడిగే పెట్టె వచ్చినప్పుడు మీ స్క్రీన్ నల్లగా అయిపోవచ్చు, కంగారు పడకండి, ఆ పెట్టెని విండోస్ కావాలనే దూరంగా ఉన్నవాళ్లకి చూపించదు, అక్కడ ఎస్ నొక్కాల్సింది నాన్నగారే.

లోపలికి వెళ్లాక ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ పేరు కింద ఎస్‌ఎస్‌డి (చిప్‌లతో చేసిన కొత్త రకం డిస్క్) అని ఉందా హెచ్‌డిడి (లోపల పళ్లెం తిరిగే పాత రకం) అని ఉందా చూడండి. ఎస్‌ఎస్‌డి అయితే కింది ప్రశ్నకి ఇచ్చిన జవాబు చదవండి. హెచ్‌డిడి అయితే ఆశ బాగానే ఉంది. రెకువా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ పోర్టబుల్ వెర్షన్‌ని, అంటే ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేనిదాన్ని, సి లో పెట్టి డి ని స్కాన్ చెయ్యండి, మొదటిసారి సరిగ్గా దొరక్కపోతే డీప్ స్కాన్ పెట్టండి, అది గంటలు పట్టొచ్చు, వదిలెయ్యండి. దొరికిన ఫైల్స్ పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటే బాగున్నట్టు, ఎరుపు ఉంటే దాని మీద వేరే ఫైల్ పడిపోయినట్టు. సేవ్ చేసేటప్పుడు మాత్రం మళ్లీ డి కే సేవ్ చెయ్యకండి, నాన్నగారిని ఒక పెన్‌డ్రైవో ఎక్స్‌టర్నల్ డిస్కో పెట్టమని అందులోకి తీసుకోండి. 2020లో మైక్రోసాఫ్ట్ వాళ్లు తెచ్చిన విండోస్ ఫైల్ రికవరీ అనే ఉచిత టూల్ కూడా ఉంది, కమాండ్లు టైప్ చెయ్యాలి, అది అయితే వెతికే డ్రైవ్, సేవ్ చేసే డ్రైవ్ ఒకటే ఇస్తే అసలు ఒప్పుకోదు, నాకు ఆ పద్ధతి నచ్చింది.

ఇవేవీ పనిచెయ్యకపోతే ఫొటోరెక్ అనే ఇంకో రికవరీ ప్రోగ్రామ్ వాడండి. అది ఫైల్ పేర్ల జోలికి పోదు, డిస్క్ మొత్తం చదువుకుంటూ పోయి ఫొటో మొదలయ్యే గుర్తులు వెతుకుతుంది, జేపెగ్ ఫొటో అయితే ఎప్పుడూ ఎఫ్‌ఎఫ్, డి8, ఎఫ్‌ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది. అందుకే ఫోల్డర్లు, పేర్లు అన్నీ పోయి ఎఫ్ అక్షరం పక్కన పెద్ద పెద్ద నంబర్లతో కుప్పగా వస్తాయి. సర్దుకోవడం ఓపిక పని, కానీ ఫొటోలు వస్తే అదే చాలు కదా.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డి. రికవరీ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్స్ పేర్లు, సైజులు అన్నీ కరెక్ట్‌గా కనపడుతున్నాయి, రికవర్ చేశాక ఒక్కటీ ఓపెన్ అవ్వట్లేదు. డబ్బులు కట్టి ప్రో వెర్షన్ కొంటే వస్తాయా?

జవాబు: రావు, కొనకండి. విండోస్ 7 నుంచి ట్రిమ్ అని ఒకటి ఉంది, ఫైల్ డిలీట్ అవ్వగానే ఈ బ్లాకులు ఇక అక్కర్లేదు అని విండోస్ ఎస్‌ఎస్‌డికి చెప్పేస్తుంది, ఎస్‌ఎస్‌డి వాటిని తన వీలు చూసుకుని లోపల నిజంగానే తుడిచేస్తుంది. పేరు, సైజు ఉండే రికార్డు వేరే చోట ఉంటుంది కాబట్టి అవి కనపడతాయి, లోపల మాత్రం అన్నీ సున్నాలే. ఫ్రీ వెర్షన్‌లో ప్రివ్యూ కనపడని ఫైల్‌ని పెయిడ్ వెర్షన్ తెచ్చి ఇవ్వలేదు. మీరు వెతకాల్సింది డిస్క్‌లో కాదు, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, ఎవరికైనా మెయిల్ చేసి ఉంటే సెంట్ ఐటమ్స్‌లో ఉంటాయి, విండోస్‌లో ఫైల్స్ బ్యాకప్ తీసే ఫైల్ హిస్టరీ ఎప్పుడైనా ఆన్ చేశారేమో చూసుకోండి.

కెమెరా మెమరీ కార్డుల సంగతి వేరు, అక్కడ చాలాసార్లు ట్రిమ్ ఉండదు, రికవరీ బాగా అవుతుంది. ఫ్యాట్32 (ఫైల్స్‌ని సర్దిపెట్టే ఒక పాత పద్ధతి) కార్డు అయితే పేరులో మొదటి అక్షరం పోయి దాని బదులు ఏదో గీత కనపడొచ్చు, డిలీట్ చేసినప్పుడు గుర్తు పెట్టేది ఆ అక్షరం మీదే, ఫొటో మాత్రం శుభ్రంగా ఉంటుంది.

ప్రశ్న: ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచి వాడాలి. రిమోట్ డెస్క్‌టాప్ కోసం రౌటర్‌లో 3389 పోర్ట్ ఓపెన్ చెయ్యమని ఫ్రెండ్ చెప్పాడు. చెయ్యొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి చెయ్యకండి. పోర్ట్ ఓపెన్ చెయ్యడమంటే బయటి ఇంటర్నెట్ నుంచి ఆ కంప్యూటర్‌లోకి ఒక తలుపు తీసి పెట్టినట్టే. ఇంటర్నెట్‌లో 3389 తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం ఆటోమేటిక్‌గా వెతుకుతూ పాస్‌వర్డ్‌లు కొట్టి చూసే ప్రోగ్రామ్స్ రోజంతా తిరుగుతుంటాయి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది, పాస్‌వర్డ్ కూడా అవసరం లేకుండా ఈ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారానే లోపలికి వచ్చేయగలిగేవాళ్లు, అది ఎంత సీరియస్ అంటే అప్పటికి 5 ఏళ్ల క్రితమే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసే ప్యాచ్ ఇచ్చింది. పోర్ట్ నంబర్ మార్చితే దొరకం అనుకోకండి, కాస్త ఆలస్యంగా దొరుకుతారు.

ముందు ఆఫీసు ఐటీ వాళ్లని అడగండి, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా కలిపే దారి) ఉంటే దాని లోపలే రిమోట్ డెస్క్‌టాప్ వాడుకోవడం మంచిది. వాళ్లు సరే అంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ కూడా చాలు, కనీసం 6 అంకెల పిన్ పెట్టాలి, పోర్ట్ ఏదీ తెరవక్కర్లేదు, విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా పనిచేస్తుంది, విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో అయితే హోమ్ ఎడిషన్ కంప్యూటర్‌లోకి బయటి నుంచి రాలేరు. ఏది వాడినా స్లీప్‌ని నెవర్ అని పెట్టండి, స్క్రీన్ ఆఫ్ అయినా పర్లేదు. కరెంట్ పోయి వచ్చాక దానంతట అదే ఆన్ అవ్వాలంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, కంప్యూటర్ సొంత సెట్టింగ్స్) దానికో సెట్టింగ్ ఉంటుంది, అది చాలా మందికి గుర్తుండదు.

ప్రశ్న: కస్టమర్ కేర్ నుంచి అని ఫోన్ వస్తే వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసి కోడ్ చెప్పేశాను. అనుమానం వచ్చి కట్ చేశాను. ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు: ముందు ఇంటర్నెట్ తీసెయ్యండి. తర్వాత వేరే ఫోన్ నుంచి, కార్డు వెనకాల ఉన్న నంబర్‌కే బ్యాంకుకి ఫోన్ చేసి లావాదేవీలు ఆపించండి. పాస్‌వర్డ్‌లు కూడా ఆ రెండో ఫోన్ నుంచే మార్చండి, మెయిల్ పాస్‌వర్డ్ మొదట, మిగతావన్నీ దాంతోనే రీసెట్ అవుతాయి కాబట్టి. ఆ యాప్‌లో ఎవరూ లేకపోయినా లోపలికి వచ్చేలా వాళ్లు పాస్‌వర్డ్ పెట్టి ఉండొచ్చు, కాబట్టి కట్ చేస్తే సరిపోదు, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి, మీకు తెలియని ప్రోగ్రామ్స్ ఇంకేమైనా చేరాయేమో చూడాలి. ముఖ్యమైన ఫైల్స్ బయటికి తీసుకుని విండోస్ మళ్లీ వేసుకుంటే ఇంకా మంచిది. మీరు మోసపోయారని సిగ్గుపడి ఆగకండి, బ్యాంకుకి చెప్పడంలో ప్రతి నిమిషం లెక్కే.

ప్రశ్న: వర్డ్ ఫైల్ సేవ్ చెయ్యకుండా క్లోజ్ చేసేశా, పోయినట్టేనా?

జవాబు: వర్డ్ తెరిచి ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లోకి వెళ్తే సేవ్ చెయ్యని డాక్యుమెంట్లు రికవర్ చేసే ఆప్షన్ ఉంటుంది. కొన్ని రోజులే ఉంచుతుంది కాబట్టి ఇవాళే చూడండి, దొరకగానే సేవ్ యాజ్ కొట్టెయ్యండి.