మాస్టారూ, ఆ తేనెపిట్టలు ఏమైపోయాయి?

ప్రశ్న: మాస్టారూ, నేను పొద్దున్నే రాజీవ్‌ గాంధీ పార్కులో వాకింగ్‌ చేస్తాను. ఎండాకాలంలో పూల చెట్ల మీద నల్లగా, నీలంగా మెరిసే తేనెపిట్టలు కనిపించేవి. దసరా అయ్యాక చూస్తే అవి లేవు. వాటి చోట పొట్ట పసుపుగా, గొంతు నుంచి కిందికి నల్ల గీత ఉన్న పిట్టలు తిరుగుతున్నాయి. గడ్డిలో తోకాడిస్తూ పరిగెత్తేది ఇంకొకటి. ఇవన్నీ వలస వచ్చినవేనా? బైనాక్యులర్స్‌ కొనుక్కోవాలా?
- ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: తేనెపిట్టలు ఎక్కడికీ పోలేదమ్మా, మీ కళ్లముందే ఉన్నాయి. గూడు కట్టి పిల్లల్ని లేపే కాలం అయిపోయాక ఊదా తేనెపిట్టల్లో మగది ఆ మెరిసే ఈకలు రాల్చేస్తుంది. పైన మట్టిరంగు, కింద పసుపుతో అచ్చం ఆడపిట్టలా తయారవుతుంది. మీరు గమనించిన నల్ల గీతే అది మగదని చెప్పే ఆనవాలు. మళ్లీ జత కట్టే కాలం దగ్గరపడ్డప్పుడు మెరుపు ఒక్కో చోటే తిరిగొస్తుంది. అప్పుడది అతుకుల బొంతలా ఉంటుంది. నన్నడిగితే పూర్తి రంగులో కన్నా అలా సగం సగంగా ఉన్నప్పుడే చూడాలి. మన పెరళ్లలో ఇంకో రకం తేనెపిట్ట కూడా ఉంది. దాని మగది ఏడాది పొడుగునా ఒకే రంగులో ఉంటుంది, రెండూ కలిపేసుకోకండి.

తోకాడించేది కాటుకపిట్ట. అది మన ఊరిదో, వచ్చిందో తేల్చాలంటే రంగు చూడాలి. వీపు, తల నల్లగా ఉండి కంటిపైన కనుబొమలా దట్టమైన తెల్ల గీత ఉంటే అది ఏడాదంతా కృష్ణ ఒడ్డునే ఉండే రకం. ఒంటి మీద ఎక్కడైనా పసుపు కనిపించిందా, అది వలస వచ్చిందే. వీపు బూడిదరంగు, తోక కింద పసుపు ఉన్నదైతే హిమాలయాల్లాంటి చల్లటి కొండల్లో గూళ్లు పెట్టుకుని, చలికాలానికి ఇటు దిగుతుంది. వేసవి మొదలయ్యే దాకా ఇక్కడే ఉంటుంది.

బైనాక్యులర్స్‌కి తొందరేం లేదు. తప్పకుండా కొనాలనిపిస్తే 8×42 అని రాసి ఉన్నది అడగండి. 8 అంటే అన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని. పది రెట్లదే గొప్పని షాపువాళ్లు అంటారు గానీ, దాంతో చేయి కాస్త కదిలినా పిట్ట గంతులేస్తుంది.

దానికన్నా ముందు వాకింగ్‌ మధ్యలో ఒక పావుగంట పూలచెట్టు దగ్గర బెంచీ మీద కూర్చోండి. నడిచేవాళ్లకి పిట్టలు ఎగిరిపోతూనే కనిపిస్తాయి. కార్తీకమాసం ఆదివారాలు మాత్రం వద్దు, వనభోజనాల మైకులకి కాకులు కూడా నిలవవు. ఆ ఆదివారాల్లో ఒకరోజు గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు వెళ్లండి. చెరువులో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. అంత పెద్ద పిట్టలకి ఏ అద్దాలూ అక్కర్లేదు.