పాత మంగలికత్తి: తుప్పు గీకే ముందు ముద్ర చదవండి

ప్రశ్న: తాతగారి పొదిలో మడత మంగలికత్తి ఒకటి దొరికింది. అలుగు మొదట్లో నక్షత్రం, శిలువ, ‘జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్, షెఫీల్డ్, ఇంగ్లండ్’ అని ఉంది. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలున్నాయి. ఏ కాలం నాటిది?

జవాబు: నక్షత్రం, మాల్టా శిలువ ఆ కంపెనీ గుర్తు. 19వ శతాబ్దం పొడుగునా, ఆ తర్వాతా వాడారు కాబట్టి దాంతో వయసు తేలదు. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి, 1837–1901. అంతకు ముందు నాలుగో విలియం రాజు కాలానికి డబ్ల్యు.ఆర్., జార్జి రాజులకు జి.ఆర్. ఇక ‘ఇంగ్లండ్’ అన్న మాట. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది, 1891లో అమలుకొచ్చింది. రెండూ కలిపి చూస్తే మీది 1891–1901 మధ్యది కావచ్చు. అయితే ‘ఇంగ్లండ్’ లేని కత్తి 1891కి ముందుదేనని తేల్చెయ్యకండి. అమెరికాకు పోని సరుకు మీద ఆ పేరు వెయ్యాలన్న నిబంధన లేదు. పిడిని బట్టి మాత్రం లెక్కెయ్యొద్దు, అది మార్చింది కావచ్చు.

అక్షరాలు మసకగా ఉంటే ఉప్పుకాగితం తియ్యకండి. కుట్టుమిషను నూనె రాసి రాత్రంతా ఉంచి, నూలుగుడ్డతో తుడవండి. సుద్దపొడి అద్ది, టార్చి ఏటవాలుగా వెయ్యండి. లోతు తక్కువ ముద్ర ఒక్కసారి అరిగితే మళ్లీ రాదు.

ప్రశ్న: తుప్పు శుభ్రం చేసినా నెలకే మళ్లీ వస్తోంది, అదీ పిడి తగిలే చోటే. పిడి కర్పూరం వాసన వేస్తోంది.

జవాబు: తప్పు ఇనుముది కాదు, పిడిది. అది సెల్యులాయిడ్, అంటే కర్పూరం కలిపి చేసిన పాతకాలపు ప్లాస్టిక్. పాతబడి కుళ్లినప్పుడు వదిలే ఆవిరి గాలిలోని తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమవుతుంది. ఆ పిడి ఉన్నంతకాలం మీ శ్రమ వృథా. అలుగునూ పిడినీ కలిపే మేకు తల ఆకురాయితో అరగదీసి, సన్న పోగరతో (మేకును బయటికి నెట్టే కడ్డీ) నెట్టండి. సుత్తితో బాదితే అలుగు మొదలు విరుగుతుంది. తీసిన పిడిని మిగతా కత్తులకూ, పొయ్యికీ దూరంగా పెట్టండి, ఇట్టే అంటుకుంటుంది. కొత్తదానికి కొమ్ము గానీ రోజ్‌వుడ్ గానీ వాడండి. మేకుకు 1.6 మి.మీ. ఇత్తడి కడ్డీ, రెండు వాషర్లు చాలు. వాషరు పైకి 1 మి.మీ. వదిలి కోసి, చిన్న సుత్తితో మెల్లగా తడుతూ తల చెయ్యండి. గట్టిగా బిగిస్తే కొమ్ము చీలుతుంది.

అలుగును చెక్కపలక మీద బల్లపరుపుగా ఆనించి, తడి వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 వరసలో (అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) వెన్ను నుంచి అంచు వైపు లాగండి. బఫింగ్ చక్రం (మోటారుతో తిరిగే మెరుగు చక్రం) పెట్టకండి. కాగితంలా పలచనైన అంచు క్షణంలో వేడెక్కుతుంది, గడ్డిరంగో నీలమో తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే, దానికి పదును నిలవదు. 10 రెట్ల భూతద్దంలో చూసినప్పుడు తుప్పు గుంటలు అంచు దాకా ఉంటే, నూరుతుంటే అక్కడ పెచ్చులు లేస్తాయి. అలాంటిది గోడకు అలంకారంగానే ఉంచండి.

ప్రశ్న: మామూలు సానరాయి సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అంచు విరిగి ఉంటేనే 1000 గరుకు అంకె రాయి, లేదంటే 5000, 8000, 12000. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆని ఉండాలి, అంచు ముందుగా నడవాలి. తోలుపట్టీ మీద మాత్రం వెన్ను ముందు, 50 సార్లు. అక్కడ అంచు ముందు పోతే తోలు తెగుతుంది, అంచు మడత పడుతుంది.