సంఘంలో చేరితే నా పొలానికేంటి?

ప్రశ్న: నాకున్నది మూడెకరాలు. తోటి రైతులు సహకార సంఘం పెడదాం, చేరమంటున్నారు. ఎరువులు కాస్త చౌకగా వస్తాయి, అంతవరకు సరే. దీనివల్ల నేల, నీళ్ళు, ఊరు కూడా బాగుపడతాయంటే నమ్మొచ్చా? చివరికి నలుగురు పెద్దమనుషుల చేతుల్లోకి పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక చిన్న రైతు

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉంది, ముందు దాని సంగతే చూద్దాం. డెన్మార్క్‌లో తొలి సహకార డెయిరీ 1882లో మొదలైంది. అక్కడి డెయిరీ సంఘాల్లో ఓటు మనిషికి ఒకటి, ఆవుకి ఒకటి కాదు. మంద ఉన్నవాడికీ ఒక్క ఆవున్నవాడికీ అదే ఓటు, లాభం మాత్రం పోసిన పాల లెక్కన. ఇంట్లో వాడుకోగా మిగిలిన పాలన్నీ సంఘానికే పోయాలన్నది ఒప్పందం. వెన్న తీసిన పాలు మళ్ళీ రైతు ఇంటికే వచ్చేవి, వాటితో పందుల్ని మేపేవాళ్ళు, ఆ పెంట పొలానికి పోయేది. పర్యావరణం అనే మాట ఎవరూ ఎత్తకుండానే!

ఇక నేల. రైతు నేలని పాడుచేసుకునేది తెలియక కాదండీ, ఆగలేక. పచ్చిరొట్ట వేసి దున్నినా, పంట మార్చి పప్పుజాతి వేసినా నేలలో తేడా కనబడాలంటే కొన్నేళ్ళు పడుతుంది, అప్పేమో కోత కాగానే కట్టాలి. సంఘానికి గోదాము ఉండి, దాచిన సరుకు మీద కొంత డబ్బు చేతికిస్తే ఆ తొందర తగ్గుతుంది. యంత్రాలూ అంతే. ఫ్రాన్స్‌లో 1945 నుంచీ రైతులు యంత్రాలు ఉమ్మడిగా కొని వాడుకునే సంఘాలున్నాయి. దున్నకుండా విత్తే యంత్రం మూడెకరాలకి ఎవరు కొంటారు? కలిసి కొంటే గిట్టుతుంది, కాకపోతే పదునున్న నాలుగు రోజుల్లోనే అందరికీ అది కావాలి, అసలు గొడవంతా అక్కడే. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసి గోడకి అంటించాలి. వంతు తప్పించి అధ్యక్షుడి పొలానికి వెళ్ళిందంటే ఆ రోజే సంఘం సగం చచ్చినట్టు.

నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, మీరొక్కరే పొదుపు చేస్తే పక్క బోరు తోడేస్తుంది, అందరూ కలిసి ఒక మాట మీద ఉంటేనే లాభం.

వానలు పడకపోయినా, మార్కెట్ మొత్తం పడిపోయినా సంఘం ఏమీ చేయలేదు. సబ్సిడీ కోసమే పుట్టినదైతే అది ఆగగానే తాళం పడుతుంది, అలాంటి దాంట్లో చేరొద్దనే అంటాను.

చేరే ముందు బైలా, అంటే సంఘం నియమాలు రాసుకున్న పత్రం, చదవండి. పొలంలో పని చేస్తున్నా పట్టా తమ పేరున లేని ఆడవాళ్ళకి సభ్యత్వం ఇస్తారేమో చూడండి. ఆడిట్ లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారా అని అడగండి. దళారి నాలుగు రూపాయలు ఎక్కువిస్తానంటే సరుకు బయటికి తోలేవాళ్ళని ఏం చేస్తారో కూడా అడగండి. దీనికి అందరూ నేలచూపులు చూస్తే, వాటా కట్టకుండా ఒక పంటకాలం ఆగండి.