పుల్డ్ పోర్క్ పొడిబారుతోందా? గిన్నెలో మిగిలిన రసం పారబోయకండి

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో పుల్డ్ పోర్క్ (పంది భుజం మాంసాన్ని మెత్తగా ఉడికించి పోగులుగా విడదీసే వంట) చేస్తుంటే మాంసం ఫోర్క్ తగలగానే విడిపోతోంది, కానీ తింటే మాత్రం పొడిపొడిగా, పీచు నమిలినట్టు ఉంటోంది, అసలు ఎన్ని నిమిషాలు పెట్టాలి అని అడిగారు.

ఫోర్క్‌కి విడిపోతోంది అంటున్నారు కాబట్టి మీ నిమిషాలు సరిపోయాయి. ఇంకో పది పెంచినా, పది తగ్గించినా మీ ఇబ్బంది తీరదు. ఈ వంట గురించి అందరూ టైమే అడుగుతారు. మూత తీశాక అడుగున ఉన్న రసం ఏం చేశారని ఎవరూ అడగరు. పుల్డ్ పోర్క్ పొడిబారిందంటే నేను రెండే అనుమానిస్తాను. ఆవిరిని తొందరపడి వదిలేసి ఉంటారు, లేదా రసాన్ని సింకులో పోసి ఉంటారు. చాలామంది ఈ రెండూ చేస్తారు.

అయినా అడిగారు కాబట్టి నిమిషాల లెక్క ముందే చెప్పేస్తాను. ఒకటిన్నర, రెండు కిలోల షోల్డర్‌ని, అంటే పంది భుజం మాంసాన్ని, నాలుగు పెద్ద ముక్కలుగా కోస్తే హై ప్రెషర్‌లో 60 నిమిషాలు. కోయకుండా ఎముకతో సహా పెడితే 90 దాకా పెట్టాలి. టైము ముక్క మందాన్ని బట్టి ఉంటుంది, మొత్తం బరువును బట్టి కాదు. అదే సైజు ముక్కలు ఇంకో రెండు వేసినా 60 నిమిషాలే, ప్రెషర్ ఎక్కడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు పడుతుంది. మరీ చిన్న ముక్కలు కోయకండి, పోగులు పొట్టిగా తెగిపోయి మాంసం ముద్దయిపోతుంది. గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపకండి. ఎత్తు ప్రాంతాల్లో ఉండేవాళ్లు 2000 అడుగులు దాటాక ప్రతి 1000 అడుగులకు టైము 5 శాతం చొప్పున పెంచుకోవాలి.

"గంటలో పుల్డ్ పోర్క్" అని పేరు పెట్టిన రెసిపీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గంట ఉడకడానికి మాత్రమే. ప్రెషర్ ఎక్కడానికి 15, 20 నిమిషాలు పడుతుంది. ఆవిరి దానంతటది దిగడానికి ఇంకో 20. ఆ తర్వాత మాంసం విడదీయాలి, రసం మరిగించాలి. ఎంత చురుగ్గా చేసినా రెండు గంటల పైమాటే. ఆ సంగతి రెసిపీ పైనే రాస్తే జనం రెండున్నర గంటల ముందే మొదలుపెడతారు. రాయకపోవడం వల్లే భోజనాల వేళకి టెన్షన్ పడిపోయి మూత మీదున్న ఆవిరి వదిలే వాల్వ్ తిప్పేస్తారు, మాంసం పాడవుతుంది.

మా అన్నయ్య వాళ్లింట్లో సరిగ్గా ఇలాగే జరిగింది. వాళ్ల అబ్బాయి పుట్టినరోజుకి వదిన పుల్డ్ పోర్క్ శాండ్‌విచ్‌లు పెట్టుకుంది. ముందు రోజు రాత్రే మాంసానికి ఉప్పు, మిరియాలు, పాప్రికా, బ్రౌన్ షుగర్ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టింది. ముక్కలన్నీ ఓపిగ్గా ఎర్రగా వేయించి కుక్కర్ మూత పెట్టింది. అంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు. హాలు నిండా చుట్టాలు, పిల్లలకి ఆకలి, బన్‌లు అప్పటికే కోసి పళ్లెంలో ఉన్నాయి. కుక్కర్ బీప్ కొట్టింది. "ఇంకా ఎంతసేపు? తిప్పేస్తే అయిపోయేదానికి" అంటూ అన్నయ్య వచ్చి వాల్వ్ తిప్పేశాడు. ఆవిరితో పాటు కొవ్వు తుంపర్లు అల్మారా తలుపుల మీదంతా చిమ్మాయి. మూత తీసి చూస్తే మాంసం చక్కగానే విడిపోతోంది, కానీ ఒక్క పోగులోనూ మెరుపు లేదు, అంతా బూడిదరంగు. వదిన ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆమె మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. రెండు రోజుల కష్టం మరి.

మాంసాన్ని పళ్లెంలోకి తీసేసి, సాస్ సీసా పక్కన పెట్టుకుని, కుక్కర్ గిన్నె పట్టుకుని సింకు దగ్గరికి వెళ్లింది. నేను పరుగెత్తి గిన్నె పట్టుకున్నాను. 

"ఆగు వదినా, పారబోయకు!" 

"ఇదంతా కొవ్వు నీళ్లే కదమ్మా, ఏం చేసుకుంటాం?" 

"మాంసంలోంచి పోయిందంతా ఇందులోనే ఉంది. పది నిమిషాలు నాకు వదిలెయ్."

రసాన్ని వడకట్టి ఎత్తైన గాజు జగ్గులో పోశాం. కొద్దిసేపటికి కొవ్వు పసుపుపచ్చగా పైకి తేలింది. దాన్ని గరిటెతో తీసేసి, కింది రసాన్ని మళ్లీ గిన్నెలో పోసి సాటే మోడ్‌లో (మూత లేకుండా వేయించే సెట్టింగ్) పెట్టి మరిగించాం. సగానికి పైగా ఇగిరేసరికి రంగు ముదిరింది, చెంచాకి అంటుకుంటోంది, రుచి చూస్తే పెదాలు అతుక్కుంటున్నాయి. అందులో రెండు చెంచాల వెనిగర్, కాస్త మిరియాల పొడి వేశాం. పోగుల మీద గరిటె గరిటెగా పోస్తూ కలిపి, మూత పెట్టి పక్కన ఉంచాం. పిల్లలకి జ్యూస్ గ్లాసులు అందించి వచ్చేసరికి పళ్లెం అడుగున చుక్క రసం లేదు, అంతా మాంసం లాగేసుకుంది. పోగులు నిగనిగలాడుతున్నాయి. వదిన మళ్లీ ఒకటి తిని "ఇందాకటి మాంసమేనా ఇది!" అంది. సాస్ సీసా మూత కూడా తియ్యలేదు ఆ రోజు.

షోల్డర్ కండలో కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం దండిగా ఉంటుంది. సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాక అది మెల్లగా కరిగి జిగురులాంటి జెలటిన్ అవుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ పని వేగం పుంజుకుంటుంది. కుక్కర్‌లో ప్రెషర్ వల్ల నీళ్లు 115 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి కాబట్టి, 110 డిగ్రీల దగ్గర నడిచే స్మోకర్‌లో (మాంసాన్ని పొగలో మెల్లగా వండే పొయ్యి) రోజంతా పట్టే పని ఇక్కడ గంటలో అవుతుంది. స్మోకర్‌లో ఇంకో ఆలస్యం కూడా ఉంది. మాంసం లోపలి వేడి 65, 70 డిగ్రీలకి వచ్చాక గంటల తరబడి అక్కడే ఆగిపోతుంది. పైనున్న తేమ ఆవిరవుతూ చెమట పట్టిన ఒంటిలాగా మాంసాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. స్మోకర్‌లో వండేవాళ్లు దాన్నే స్టాల్ అంటారు. మూత బిగించిన కుక్కర్‌లో తేమ ఆవిరై పోయే దారి లేదు, కాబట్టి ఆ ఆగడం కూడా ఉండదు.

కానీ మాంసం ఎందులో ఉడికినా, అంత వేడికి కండ పోగులు బిగుసుకుని తమలోని నీటిని బయటికి పిండేస్తాయి. స్మోకర్‌లో అందులో చాలావరకు గాల్లోకి పోతుంది. కుక్కర్‌లో మాత్రం జెలటిన్‌తో సహా అడుగునే ఉంటుంది. అందుకే మీరు ఒక కప్పు నీళ్లు పోస్తే మూత తీసేసరికి రెండు మూడు కప్పుల రసం కనిపిస్తుంది. అదనంగా వచ్చిందంతా మాంసానిదే. దాన్ని సింకులో పోసి, మాంసం పొడిగా ఉందని పైన తియ్యటి సాస్ దిమ్మరించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అనుమానం ఉంటే ఆ రసాన్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. ఆ గడ్డే జెలటిన్. పోగులకి మళ్లీ పట్టించాల్సింది దాన్నే.

వాల్వ్ సంగతీ ఇందులోదే. ప్రెషర్ ఉన్నంతసేపు లోపలి రసం 100 డిగ్రీలు దాటినా సలసల మరగదు. ఒక్కసారిగా ప్రెషర్ తీసేస్తే కుతకుతా ఉడికిపోతుంది, ముక్కల లోపలున్న తేమ కూడా ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మెత్తబడి ఉన్న పోగులు ఆ దెబ్బకి ఎండిపోతాయి. 20 నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా వదిలేయండి. ఆ తర్వాత ఏమైనా ప్రెషర్ మిగిలి ఉంటే అప్పుడు వాల్వ్ తిప్పండి.

కుక్కర్‌లో చేసింది అసలు పుల్డ్ పోర్కే కాదు అనేవాళ్లు చాలామంది తగులుతారు. పొగ లేదు, పైన నల్లటి గట్టి పొర లేదు, కోస్తే లోపల గులాబీ రంగు అంచు లేదు అంటారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. తేమలో ఉడికే మాంసానికి ఆ పొర కట్టదు. విడదీసిన మాంసాన్ని ట్రేలో పరిచి, పైన కాస్త రసం చల్లి, ఓవెన్ బ్రాయిలర్ (పైనుంచి వేడి కొట్టే భాగం) కింద అయిదు నిమిషాలు పెడితే అంచులు కరకరలాడతాయి, ఆ లోటు కొంత తీరుతుంది. పొగ వాసనకి స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరపపొడి) చాలు. గులాబీ అంచు గురించి ఎందుకంత పట్టింపో నాకు అర్థం కాదు. పొగలోని వాయువులు మాంసంలోని రంగు పదార్థంతో కలిస్తే వచ్చే రంగు అది, దానికంటూ రుచేమీ లేదు.

అమెరికాలో ఈ వంట పుట్టి పెరిగిన కరోలినాల్లోనే ఒక్క పద్ధతి లేదు. నార్త్ కరోలినా తూర్పున పందిని మొత్తంగా కట్టెల నిప్పుల మీద కాల్చి వెనిగర్, మిరపతో కలుపుతారు. అదే రాష్ట్రంలో లెక్సింగ్టన్ వైపు షోల్డర్ మాత్రమే వాడి వెనిగర్‌లో కొంచెం కెచప్ కలుపుతారు. సౌత్ కరోలినాలో చాలాచోట్ల మస్టర్డ్ సాస్. వాళ్లలో వాళ్లే ఇన్ని రకాలుగా చేసుకుంటుంటే, కుక్కర్ వాడినవాళ్లని మాత్రం తక్కువ చేయడం న్యాయం కాదు. నా మటుకు కుక్కర్ మాంసానికి తూర్పు వైపు వెనిగర్ సాస్‌ని మించింది లేదు. ఇగిర్చిన రసం చిక్కగా, జిగటగా ఉంటుంది, దానికి పులుపు, కారం కావాలి. తియ్యటి చిక్కటి సాస్ వేస్తే రెండు బరువులు ఒకదాని మీద ఒకటి పడి మాంసం రుచే తెలియదు.

ఏ సాసైనా సరే ఉడికేటప్పుడు వేయకండి. చక్కెర, టమాటా అడుగున అంటుకుని కుక్కర్ బర్న్ అని చూపిస్తుంది, వంట మధ్యలో ఆగిపోతుంది. వేయించాక గిన్నెలో కాసిని నీళ్లు పోసి అడుగంతా చెక్క గరిటెతో గీకి, ఆ తర్వాతే మూత పెట్టండి. చాలా మోడళ్లకి ఒక కప్పు నీళ్లు సరిపోతాయి, మీ కుక్కర్ పుస్తకంలో చూసుకోండి. రెసిపీలో మూడు కప్పుల స్టాక్ అని ఉంటే నమ్మొద్దు, అది ఇగరబెట్టలేకే జనం రసం పారబోస్తారు.

మాంసం షోల్డరే అయి ఉండాలి. బోస్టన్ బట్ అని అమ్మే పైభాగం దొరికితే మరీ మంచిది, కొవ్వు కండలో కలిసిపోయి ఉంటుంది. లాయిన్‌తో (వీపు దగ్గరి కొవ్వు తక్కువ మాంసం) చేస్తే ఈ రసం వైద్యం కూడా పెద్దగా పనిచేయదు, అందులో కరగడానికి కొలాజెన్ పెద్దగా లేదు. కొన్ని ప్యాకెట్లలో మాంసానికి ముందే ఉప్పునీళ్లు ఎక్కించి ఉంటారు, ఎంత శాతమో లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటిదైతే పైన ఉప్పు బాగా తగ్గించండి, రసం ఇగిరితే ఉప్పు ముదురుతుంది.

ఈ కుక్కర్లు తయారుచేసేవాళ్లకి నాదొక విన్నపం కూడా ఉంది. మూతలోని సిలికాన్ రింగ్‌కి పోర్క్ వాసన పడితే ఎంత కడిగినా పోదు. మర్నాడు ఏ తీపి పదార్థమో చేస్తే దానికీ అదే వాసన. రెండో రింగ్ పెట్టెలోనే ఇవ్వొచ్చు కదా! ఇవ్వరు కాబట్టి ఒకటి విడిగా కొనుక్కుని మాంసానికి ప్రత్యేకంగా ఉంచుకోండి.

మిగిలిన మాంసాన్ని రెండు గంటల్లోపు లోతు లేని డబ్బాల్లోకి సర్ది, పైన రసం పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఎక్కువ రోజులకైతే రసంతోనే ఫ్రీజర్‌లో పెట్టండి. వేడి చేసేటప్పుడు నీళ్లు పోయకుండా, ఆ గడ్డకట్టిన రసంతోనే మూత పెట్టి సన్నమంట మీద కరగనివ్వండి.