లేని ఏనుగుకు అంబారీ

సందేహం: మా తమ్ముడి అరంగేట్ర కథల సంపుటి ఈమధ్యే అచ్చయింది. ఒక కథలో ఊరి చెరువు రాత్రిళ్లు లేచి గడపగడపకూ తిరుగుతుంది. ఒక సమీక్షకుడు 'ఇవన్నీ అభూత కల్పనలు' అని రాశారు. అప్పట్నుంచీ వాడు ఒకటే టెన్షన్. ఇది తిట్టా, మెచ్చుకోలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు అతణ్ణి వేళకు అన్నం తినమనండమ్మా.

అభూతమంటే జరగనిది, లేనిది. దయ్యాలు లేని కథ అనుకునేవాళ్లనూ చూశాను; పాపం, వాళ్లకు తెలిసిన భూతం అదొక్కటే. అసలు సంగతి 'కల్పన'లో ఉంది. దాన్ని అబద్ధానికి మర్యాద పేరు చేసేశారు మనవాళ్లు. టీవీ పెడితే చాలు, 'ఆరోపణలన్నీ కల్పితం'! పాత సంస్కృత నిఘంటువు అమరకోశం చూడండి: ఏనుగును ముస్తాబు చేయడానికి కల్పన అని పేరు. నుదుట రంగులు దిద్ది, గంటలు కట్టి, అంబారీ ఎత్తాలంటే ఏనుగు ముందే ఉండాలి కదా. మరి అభూత కల్పన? లేని ఏనుగుకు అంబారీ కట్టి, అది జారిపడకుండా ఊరేగించడం. ఎంత పనితనం కావాలి!

ఆ పని చేసి చూపించినవాడు 16వ శతాబ్దపు కవి పింగళి సూరన. ఆయన కావ్యం కళాపూర్ణోదయంలో పసిపాప మెడలో మణిహారం పడుతుంది. పాప గతజన్మ కథ చెప్పడం మొదలుపెడుతుంది. ఆ కథేమో ఎప్పుడో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ! ఆ శతాబ్దంలోనే మరో కవి రామరాజభూషణుడు తన వసుచరిత్ర అవతారికలో, అంటే తొలి పీఠికలో, 'కేవల కల్పనా కథలు కృత్రిమ రత్నము'లని తేల్చేశాడు. పాత సత్కథ సహజంగా పుట్టిన రత్నమట, దానికి కవి కల్పన తోడైతే సానతీరిన జాతిరత్నమట. ఈ చురక సూరనకేనని మా గురువుగారు బల్లగుద్ది చెప్పేవారు. పద్యంలో పేరైతే లేదు. ఆ 'కృత్రిమ రత్నా'న్నే, అంటే కళాపూర్ణోదయాన్నే, విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన కవిత్వతత్త్వ విచారములో మెచ్చుకున్నారు. మీ తమ్ముడికి అంతకాలం పట్టదులెండి.

అన్నట్టు, అరంగేట్రం నాట్యానికి బాగుంటుంది, పుస్తకానికి 'తొలి' చాలదూ? 'సంపుటి' మాత్రం సరిగ్గా రాశారు, ఒక్కరి కథలే కదా; నలుగురి కథలైతే సంకలనం.

ఇక మీ సమీక్షకుడి మాట. నేటి వాడుకలో అది తిట్టువైపే మొగ్గుతుందని ఒప్పుకోక తప్పదు. కానీ ఒక్క ముక్క చూసి తీర్పు చెప్పలేను. తర్వాతి వాక్యం 'అందుకే' అని మొదలైందో, 'అయినా' అని మొదలైందో చూసి రాయండి.