ఓలి ఎందుకు పోయింది, కట్నం ఎందుకు పోలేదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా నాయనమ్మ పెళ్లికి తాతగారి వైపువారు ఆమె తండ్రికి ఓలి ఇచ్చారట. నా పెళ్లికి మా మామగారు నాకు కట్నం ఇచ్చారు. ఇప్పుడు మా అమ్మాయి కెమిస్ట్రీలో డిగ్రీ చదివి, పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తూ నెలనెలా జీతం తెస్తోంది. అయినా వచ్చిన ప్రతి సంబంధమూ కట్నం మాటతోనే మొదలవుతోంది. ఆర్థిక పరిస్థితులు మారితే ఆచారాలు మారతాయంటారు. ఆ లెక్కన సంపాదించే ఆడపిల్లకు ఓలి తిరిగి రావాలి కదా! కట్నమే ఎందుకు నిలిచింది?
— ఒక తండ్రి, రణస్థలం మండలం

జవాబు: ముందు ఓలిని, కన్యాశుల్కాన్ని వేరు చేసి చూడాలి. రెండూ పిల్ల తండ్రి పుచ్చుకున్న సొమ్మే గనుక చాలామంది ఒకటే అనుకుంటారు. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన తన ‘కన్యాశుల్కం’ నాటకం తొలి ముద్రణకు రాసిన పీఠికలో, విజయనగరం మహారాజా ఆనంద గజపతి అంతకు కొన్నేళ్ల ముందు చేయించిన ఒక లెక్కను ప్రస్తావించారు. నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ వివాహాలలో శుల్కం పుచ్చుకుని చేసినవి 1,034 నమోదయ్యాయి. ఆ పిల్లల్లో 99 మందికి ఐదో ఏట, 44 మందికి నాలుగో ఏట, 36 మందికి మూడో ఏట, ఆరుగురికి రెండో ఏట, ముగ్గురికి ఏడాది వయసులోనే పెళ్లయింది. ఊయలలోని పిల్ల చేసే పనికి ఎవరూ వెల కట్టరు కాబట్టి ఆ శుల్కం వేరే సంగతి.

మీ నాయనమ్మగారికి ఇచ్చిన ఓలి పొలం మీద పుట్టింది. ఊడ్పులు, అంటే మన వైపు మాటలో ఉభాలు, ఆ తరువాత కలుపు, కోత, నూర్పిడి వేళ కళ్లంలో చాకిరీ — వీటిలో సగానికి పైగా ఆడవాళ్ల చేతుల మీదే నడిచేవి. పిల్ల అత్తవారింటికి వెళ్తే పుట్టింటికి రెండు చేతులు తక్కువయ్యేవి, అత్తింటికి రెండు చేతులు కలిసేవి. ఆ తరుగుకు ఇచ్చేదే ఓలి. అలాగని దాన్ని ఆడదానికి దక్కిన గౌరవంగా చెప్పుకుని మురిసిపోనవసరం లేదు. సొమ్ము పుచ్చుకున్నది తండ్రి, అందులో కొంత పెద్దల కల్లు ఖర్చుకు పోయేది, పెళ్లికూతురి ఒంటి మీదికి వచ్చింది ఒక కోక. అయితే ఓలి ఉన్న కులాల్లో మారుమనువు కూడా ఉండేది. కాపురం పొసగకపోతే కొత్తగా చేసుకునేవాడు పాత మొగుడికి ఓలి సొమ్ము తిరిగి చెల్లించేవాడు, తగవు అక్కడితో తెగేది. సీతంపేట కొండల్లోని సవర గిరిజనుల్లో ఓలి పద్ధతి ఈనాటికీ ఉంది.

ఇది తలకిందులైంది పొలం బయట నెల జీతం కనిపించినప్పుడు. నెల్లిమర్ల జనపనార మిల్లు, రైల్వే, పోలీసు, పట్టాళం, బడిపంతులు ఉద్యోగం, ఆ తరువాత విశాఖలో ఓడరేవు, ఉక్కు కర్మాగారం — ఈ జీతాలన్నీ దాదాపుగా మగపిల్లల చేతికే వచ్చాయి. ఊరికి ఇద్దరో ముగ్గురో జీతగాళ్లు, వారి కోసం పోటీ పడే పిల్లల తండ్రులు ఇరవై మంది. పోటీ ఎటు వైపు ఉంటే సొమ్ము అటునుంచి కదులుతుంది. దీనికి తోడు, నాలుగు డబ్బులు చేరిన ఇల్లు మొట్టమొదట చేసే పని ఆడవాళ్లను పొలం మానిపించడం. ‘మా ఇంటి ఆడవాళ్లు మడిలో దిగరు’ అన్న మాట పరువుకు గుర్తయింది. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ‘సంస్కృతీకరణ’ అని పేరు పెట్టిన మార్పులో ఇదొక భాగం: పై కులాల నడవడిని అనుకరిస్తూ ఓలి మానేశారు, మారుమనువును చిన్నచూపు చూశారు, కట్నాన్ని తలకెత్తుకున్నారు. ఇంటి లోపల ఆమె చాకిరీ తగ్గిందా అంటే లేదు. లెక్కలోంచి మాత్రం పోయింది.

ఇక మీ అసలు ప్రశ్న. అమ్మాయి జీతం తెస్తున్నా కట్నం ఎందుకు తగ్గలేదంటే, మగపిల్లవాడి తల్లిదండ్రులు ముసలితనంలో కొడుకు పంచనే ఉంటారు గనుక అతని చదువు ఖర్చు రాబట్టుకోవాలనుకుంటారన్నది ఒక జవాబు. మీ అమ్మాయి జీతం కూడా ఆమెతో పాటే అత్తింటికి పోతుంది గనుక, వారి దృష్టిలో అది నెలనెలా వచ్చే మరో కట్నమే తప్ప కట్నానికి బదులు కాదన్నది ఇంకొకటి. రెండూ నిజమే కానీ, నా మటుకు నేను ఎక్కువ బరువు వేసేది భూమి మీద. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ హక్కు ఊళ్లోకి వచ్చేసరికి ఏమవుతుందో నేను ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో చూశాను. ముగ్గురు అప్పచెల్లెళ్లు గోడవారగా చాప మీద కూర్చున్నారు. దస్తావేజు రాసేవాడు హక్కు విడుదల పత్రాన్ని, అంటే ఆస్తిలో తమ వాటా వదులుకుంటున్నామన్న కాగితాన్ని, గబగబా చదివి, ‘ఇక్కడమ్మా, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించాడు. వాళ్లు సంతకాలు చేశాక అన్నగారు సంచిలోంచి మూడు చీరలు, జాకెట్టు గుడ్డలు తీసి, పసుపు కుంకుమతో సహా ఒళ్లో పెట్టాడు. పెద్దామె చీర అంచు వేళ్లతో నలిపి చూసుకుంటూ, ‘పెళ్లప్పుడు ఇచ్చినాడు కదా, మళ్లీ ఏటడుగుతాం?’ అన్నది నాతో.

‘ఇచ్చినాడు కదా’ అన్నది కట్నం గురించే. అంటే కట్నం వరుడికి ఇచ్చే వెల మాత్రమే కాదు, కూతురి నోట వాటా మాట రాకుండా పుట్టిల్లు ముందుగా కట్టే సొమ్ము కూడా. జాతీయ రహదారి, మీ దగ్గరి ఫ్యాక్టరీలు, భోగాపురం విమానాశ్రయం కలిసి మీ చుట్టుపక్కల సెంటు ధరను ఎక్కడికో తీసుకుపోయాయి. భూమి విలువ పెరిగే కొద్దీ, కష్టమైనా కట్నమిచ్చి భూమి నిలుపుకోవడమే మగపిల్లలున్న ఇంటికి లాభం. ఆర్థిక మార్పు ఆచారాన్ని చెరిపేస్తుందని మనం ఎదురు చూస్తుంటే, ఇక్కడ అదే ఆచారానికి కొత్త ఎరువు వేస్తోంది. మీకు కొడుకు కూడా ఉంటే ఈ లెక్క మీ ఇంట్లోనూ ఉందేమో చూసుకోండి. నా సలహా అడిగితే, ఆమె వాటా ఆమె పేరనే రాయించండి, కట్నం ఇవ్వబోమని సంబంధం వచ్చిన నాడే చెప్పండి, జీతం ఆమె ఖాతాలోనే ఉంటుందన్న మాట కూడా అప్పుడే అనండి. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

ప్రశ్న: అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో ఆడవాళ్లం నూలు వడుకుతాం, మగవాళ్లు నేస్తారు. వారిది వృత్తి అంటారు, మాది తీరిక వేళ పని అంటారు. ఎందుకని?
— ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: మీ ఊరి సన్న ఖద్దరు తెలిసినవారెవరూ ఆ మాట అనలేరు. గింజ తీయకముందే వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, పొల్లు రాల్చి, ఏకులు చుట్టి, రాట్నం మీద నూరో నంబరు నూలు, అంటే ఎంతో సన్నని నూలు, తీసేది ఆడవాళ్లే. ఆ ఎముక పళ్ల వరుస ఎంత సన్ననిదంటే, దాని మధ్య నుంచి వచ్చిన పత్తి చేతిలో ఉన్నట్టే తెలియదు. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే పలువురు వడికేవాళ్లు కావాలి. అయినా ఆ పని పొయ్యికీ ఉయ్యాలకూ మధ్యన సాగుతుంది, కూలి చిలపల (నూలు చుట్టల) లెక్కన ముడుతుంది, గంటలను ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టని గంటలకు తీరిక అని పేరు పెట్టడం సులువు. పై జవాబులో చెప్పిన ఉభాల చాకిరీకి పట్టిన గతే దీనికీ పట్టింది. మీ కోడళ్లు రాట్నం వదిలి కంపెనీ బస్సు ఎక్కుతున్నారంటే అది సోమరితనం కాదు; అక్కడ పనికి వేళ ఉంది, వేళకు జీతం ఉంది. అందరూ ఎక్కిన నాడు మగ్గం మీద కూర్చున్నవారికి మీ తీరిక విలువ తెలుస్తుంది.

ప్రశ్న: ఓలి కూడా వరకట్న నిషేధ చట్టం కిందికి వస్తుందా? ‘ఆడపడుచు లాంఛనం’ అని వేరే పేరుతో అడిగితే తప్పు కాదంటున్నారు, నిజమేనా?
— బొబ్బిలి

జవాబు: 1961 నాటి చట్టం వివాహానికి సంబంధించి ‘ఒక పక్షం మరో పక్షానికి’ ఇచ్చే ఆస్తి అంటుందే గాని, ఎటునుంచి ఎటు అని చెప్పదు. కాబట్టి మాట ప్రకారం చూస్తే ఓలి కూడా దాని పరిధిలోకి రాగలదు. లాంఛనం, సారె, బండి — పెళ్లికి షరతుగా అడిగితే పేరు మార్చినంత మాత్రాన అది కట్నం కాకుండా పోదు. పుచ్చుకున్నవారితో పాటు ఇచ్చినవారికీ శిక్ష ఉందని గుర్తుంచుకోండి. ఎక్కువమందికి తెలియనిది ఆరో సెక్షన్: కట్నం ఎవరి చేతికి వెళ్లినా అది పెళ్లికూతురి సొమ్మే, పెళ్లికి ముందు పుచ్చుకున్నదైతే పెళ్లయిన మూడు నెలల లోపు, తరువాత పుచ్చుకున్నదైతే పుచ్చుకున్న మూడు నెలల లోపు ఆమెకు అప్పగించి తీరాలి. ఆడపడుచుకు పెట్టిన లాంఛనానికీ ఇదే వర్తిస్తుంది.